ఎక్కువ మెమొరీ ఎవరికి అవసరం?

ఈ మధ్య మన కళాశాలలో ఎవరైనా కొత్త టాబ్లెట్ తెచ్చుకున్నారంటే చుట్టూ మూగిన మిత్రులు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని జి.బి. గురూ?" అన్నదే. తెర కళ్ళకు హాయిగా ఉందా, బ్యాటరీ సాయంత్రం దాకా నిలుస్తుందా, దానితో ఏం చదువుతున్నావు అని అడిగేవాళ్ళు అరుదు. నాలుగు జి.బి. అంటే చిన్నచూపు, ఎనిమిది అంటే మర్యాద, పన్నెండు అంటే సాక్షాత్తూ జమీందారీ. మా ఊళ్ళో పెళ్ళి సంబంధం వస్తే ముందు "ఎన్నెకరాలు?" అని అడుగుతారు. ఆ ఎకరాలకు నీళ్ళున్నాయా, నేల చవుడా అన్న సంగతి తరువాత ఎప్పుడో బయటపడుతుంది. జి.బి.ల వ్యవహారం కూడా అచ్చం అలాగే తయారయింది.

రోజువారీ పనులకు టాబ్లెట్ వాడే మామూలు మనిషికి నిజంగా అంత మెమొరీ కావాలా అన్నది ఈ వ్యాసంలో నేను ఎత్తుకున్న ప్రశ్న. రోజువారీ పనులంటే పాఠ్యపుస్తకాల పి.డి.ఎఫ్.లు చదవడం, వీడియో పాఠాలు వినడం, నోట్సు రాసుకోవడం, స్కాలర్‌షిప్పు దరఖాస్తులు నింపడం, తీరిక దొరికితే ఒక సినిమా చూడటం. వీటికి మెమొరీ ఒక మేరకు తప్పనిసరి. ఆ మేర దాటిన తరువాత కొనే ప్రతి జి.బి. మన తల్లిదండ్రుల కష్టార్జితానికి చిల్లు పెట్టేదే. ఆ మేర దుకాణాల్లో చెప్పేదానికంటే బాగా కిందనే ఉందని నా వాదన.

ముందుగా ఒక తికమక తీర్చుకోవాలి. మెమొరీ అనే ఒకే మాటతో మనం రెండు వేర్వేరు వస్తువులను పిలుస్తున్నాం. ఒకటి ర్యామ్, రెండోది నిల్వ. రైతుబిడ్డలకు ఈ తేడా చెప్పడం తేలిక. ర్యామ్ కళ్ళం లాంటిది, నిల్వ గాదె లాంటిది. కళ్ళంలో పని జరుగుతుంది. పనలు పరుస్తాం, నూరుస్తాం, తూర్పారబడతాం. పని కాగానే కళ్ళం ఊడ్చేస్తాం. టాబ్లెట్ ఆపగానే ర్యామ్‌లో ఉన్నదంతా పోవడం అలాంటిదే. గాదెలో పోసిన ధాన్యం మాత్రం కరెంటు ఉన్నా లేకపోయినా పదిలంగా ఉంటుంది. కళ్ళం ఇరుకైతే పని నత్తనడక నడుస్తుంది. గాదె చాలకపోతే కొత్త పంట పోసుకునే చోటుండదు. కళ్ళం ఇరుకై పని సాగనివాడు పెద్ద గాదె కట్టించుకుంటే ఏం లాభం? "64 తీసేసి 128ది కొంటే స్పీడు పెరుగుద్ది" అనే మిత్రులు చేసే పని ఇదే. నిల్వ గొంతుదాకా నిండితే టాబ్లెట్ కొంత మందగించడం నిజమే గాని, దానికి మందు ఖాళీ చేసుకోవడం.

రసాయన శాస్త్రం చదివే మిత్రులకు లీబిగ్ పేరు కొత్త కాదు. మొదట కార్ల్ ష్ప్రెంగెల్ చెప్పగా, 19వ శతాబ్దంలో యుస్టుస్ ఫాన్ లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన కనిష్ఠ సూత్రం ఒకటుంది. నేలలో ఏ పోషకం అన్నిటికంటే కొరతగా ఉందో అదే పంట దిగుబడిని నిర్ణయిస్తుందని దాని సారాంశం. వరిలో జింకు లోపించి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు పడుతుంటే ఎన్ని బస్తాల యూరియా చల్లినా పైరు తేరుకోదు. జింకు సల్ఫేటు పడాల్సిందే. యూరియా చెడ్డదని ఎవరూ అనడం లేదు, ఆ చేలో కొరత దానిది కాదు, అంతే. టాబ్లెట్‌కు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. అది నెమ్మదిగా ఉన్నప్పుడు అడగవలసిన ప్రశ్న "కొరత దేనిది?" అని.

దీనికి దగ్గరి చరిత్రలోనే రుజువుంది. 2010లో ఆపిల్ సంస్థ విడుదల చేసిన మొదటి ఐప్యాడ్ ర్యామ్ 256 ఎం.బి., అంటే ఒక జి.బి.లో నాలుగో వంతు. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో నాటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రి కపిల్ సిబల్ ఆవిష్కరించిన ఆకాశ్ టాబ్లెట్ ర్యామ్ కూడా సరిగ్గా 256 ఎం.బి.యే. విద్యార్థుల కోసం చౌకగా తయారు చేయించిన ఆ ఆకాశ్‌ను డేటావిండ్ సంస్థ మన హైదరాబాదులోనే కూర్పించింది. రెండింటిలో ర్యామ్ ఒక్కటే అయినా వాడుకలో ఎంతో తేడా. ఆకాశ్ ప్రాసెసర్ వేగం 366 మెగాహెర్ట్జ్, తెర గట్టిగా నొక్కితే గాని పలకని రెసిస్టివ్ రకం, బ్యాటరీ రెండు మూడు గంటల ముచ్చట. ఐప్యాడ్ ప్రాసెసర్ ఒక గిగాహెర్ట్జ్, తెర తాకితే చాలు, బ్యాటరీ పది గంటలు. ధరలో సుమారు పది రెట్ల వ్యత్యాసం ఉందన్న మాట కూడా చెప్పుకోవాలి. కాని ఆకాశ్‌లో మరో 256 ఎం.బి. పెట్టినంత మాత్రాన ఆ తెర మెత్తబడేదా? ఆ బ్యాటరీ నిలిచేదా? అక్కడ లోపించిన జింకు వేరు.

మెమొరీ కొరతే అసలు కొరత అయిన సందర్భాలూ లేకపోలేదు. 2012లో వచ్చిన ఐ.ఓ.ఎస్. 6 ఆ మొదటి ఐప్యాడ్‌కు అందనే లేదు. 512 ఎం.బి. ర్యామ్ గల రెండో ఐప్యాడ్ 2015లో వచ్చిన ఐ.ఓ.ఎస్. 9 దాకా నడిచింది. దాని ప్రాసెసర్ కూడా మెరుగైనదే అనుకోండి, అయినా రెట్టింపు ర్యామ్ తోడ్పడిందనే చెప్పాలి. కనుక కనీసపు మేర కంటే తక్కువ కొంటే వస్తువు ఆయుష్షు తగ్గుతుంది. పిసినారితనం కూడా దండగే.

మరి ఈనాటి మేర ఎంత? ఆండ్రాయిడ్ టాబ్లెట్లలో 2 లేక 3 జి.బి. ర్యామ్ ఈ రోజుల్లో చాలదు. కళ్ళం చాలనప్పుడు ఆండ్రాయిడ్ వెనకనున్న యాప్‌లను ఒక్కొక్కటే మూసేస్తుంది. పుస్తకం చదువుతూ నిఘంటువులోకి వెళ్ళి తిరిగొచ్చేసరికి పుస్తకం మళ్ళీ మొదటి నుంచి తెరుచుకునేది ఇందువల్లనే. 4 జి.బి. ఉంటే మన చదువు సాగుతుంది. 6 ఉంటే హాయి. 8 ఆ పైన వీడియోలు కూర్చేవాళ్ళకు, పొరలు పొరలుగా బొమ్మలు గీసేవాళ్ళకు, పెద్ద పెద్ద ఆటలు ఆడేవాళ్ళకు కావాలి. వాళ్ళతో నాకు పేచీ లేదు. పెద్ద కమతం ఉన్నవాడికి పెద్ద కళ్ళం ఉండవలసిందే. అయితే పెట్టె మీద "8+8 జి.బి." అని కనిపిస్తే మాత్రం ఆగి చూడండి. ఆ రెండో ఎనిమిది నిజమైన ర్యామ్ కాదు, నిల్వలో కొంత చోటును ర్యామ్‌లాగా వాడుకోవడం. గాదె మూల పనలు పరచి నూర్చినట్టుంటుంది ఆ పని. కొంత జరుగుతుంది, కళ్ళంలో జరిగినట్టు జరగదు.

ఇక గాదె సంగతి. నా టాబ్లెట్ 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. నిల్వ గలది. మొన్న దాని లెక్క తీశాను. సిస్టమూ దానితో వచ్చిన యాప్‌లూ సుమారు 20 జి.బి. మూడేళ్ళ పుస్తకాలు, నోట్సు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ కలిసి 6 జి.బి. దాటలేదు. దించుకున్న వీడియో పాఠాలు 9. వాట్సాప్ బొమ్మలు, వీడియోలు 14! అందులో శుభోదయాలు, పండుగ శుభాకాంక్షలు, ఒకే క్రికెట్ వీడియో మూడు గ్రూపుల నుంచి మూడుసార్లు. ఒక ఆదివారం కూర్చుంటే 11 జి.బి. తాలు బయటికి పోయింది. మూడేళ్ళ డిగ్రీ చదువుకు పట్టే చోటు కంటే శుభోదయాలకు పట్టే చోటు ఎక్కువైతే, పెద్ద గాదె కొని ఆ శుభోదయాలను ఇంకా భద్రంగా దాచుకోవాలా?

నిల్వ విలువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు టాబ్లెట్లు పంచినప్పుడు పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చింది. సిగ్నల్ సరిగా అందని ఊళ్ళో ఆ నిల్వే బడి. పట్నంలో వైఫై ఉన్నవాడికంటే పల్లెలో ఉన్నవాడికి గాదె అవసరం ఎక్కువ. కాని దానికి కార్డు పెట్టుకునే వీలున్న టాబ్లెట్ చూసుకుంటే సరిపోతుంది. యాప్‌లన్నీ కార్డు మీదికి పోకపోవచ్చు గాని పుస్తకాలు, వీడియోలు నిక్షేపంగా పోతాయి. కార్డు పట్టనిదైతే 128 జి.బి. తీసుకోవడం మంచిది, ఎందుకంటే లోపలి నిల్వను తరువాత పెంచుకునే మార్గం లేదు.

ఇదంతా నాకు ఊసుపోక రాస్తున్నది కాదు. ఈ ఏడు మా చెల్లెలు ఇంటర్‌లో చేరింది. దుకాణంలో నిలబడి నాన్న ఫోన్ చేశాడు. "ఒరే, ఆరుదీ ఉందంట, ఎనిమిదిదీ ఉందంట. ఆరుకి 128, ఎనిమిదికి 256 అంటున్నాడు. పెద్దదానికి నాలుగు వేలు ఎక్కువ. చదువుకి పనికొచ్చేదైతే ఇచ్చేద్దాం, పిల్లకి తక్కువ చెయ్యొద్దు" అన్నాడు. ఆ చివరి మాటే దుకాణదారుడి బలం. పిల్లల చదువుకు తక్కువ చేశామనిపించుకోవడానికి ఏ రైతూ ఒప్పుకోడు. 50 కిలోల డి.ఏ.పి. బస్తా 1,350 రూపాయలు. నాలుగు వేలంటే ఇంచుమించు మూడు బస్తాలు. "ఆరుది చాలు నాన్నా, అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తారో అడుగు, తెర మీద తెలుగు అక్షరం చిన్నగా పెట్టించి చదివి చూడు" అన్నాను. ఆ రెండో మాటకు దుకాణంలో జవాబు దొరకడానికి చాలాసేపు పట్టిందట!

"రేపు యాప్‌లు ఇంకా పెద్దవవుతాయి గదా, ముందుచూపు అక్కర్లేదా?" అని అడగవచ్చు. అక్కరే. అయితే టాబ్లెట్ మూలపడటానికి మెమొరీ ఒక్కటే కారణం కాదు. భద్రతా అప్‌డేట్లు ఆగిపోతాయి. కొన్ని వందలసార్లు చార్జింగు అయ్యేసరికి లిథియం బ్యాటరీ బలం తగ్గుతుంది. ఆనాటికి మిగిలిపోయిన జి.బి.లు కుండలో తడి లేని బోరుకు బిగించిన పది హెచ్.పి. మోటారు వంటివి. టాబ్లెట్ లోపలే నడిచే కృత్రిమ మేధకు ర్యామ్ ఎక్కువ కావాలన్నది నిజమే. మనం సందేహాలు అడిగే కృత్రిమ మేధ చాలావరకు ఎక్కడో సర్వర్లలో నడుస్తోంది, దానికి మన ర్యామ్‌తో పని తక్కువ. పైగా ఆ సర్వర్ల కోసమే 2025 చివరి నుంచి మెమొరీ చిప్పులకు గిరాకీ, ధర విపరీతంగా పెరిగాయి. మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో, మామూలు వినియోగదారులకు క్రూషియల్ పేరుతో అమ్మే మెమొరీ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది కూడా. అక్కర లేని మెమొరీకి డబ్బు పోయడానికి ఇది ఏమాత్రం సమయం కాదు.

ఎంత చోటిస్తే అంతా నింపుకోవడం సాఫ్ట్‌వేర్ స్వభావం. ఉన్న వ్యవధినంతా ఆక్రమించేదాకా పని పెరుగుతుందని 1955లో పార్కిన్సన్ ఉద్యోగుల గురించి అన్నమాట సాఫ్ట్‌వేర్‌కు కూడా సరిపోతుంది. పాస్కల్ భాషను రూపొందించిన నిక్లౌస్ విర్త్ 1995లోనే, యంత్రాలు వేగం పుంజుకునే లోపల సాఫ్ట్‌వేర్ అంతకంటే త్వరగా బరువెక్కుతోందని హెచ్చరించాడు. ఈ పందెంలో మన జేబులు గెలవవు. తాలు తీయడం నేర్చుకోవడమే మార్గం.

ఈ తాలు విషయంలో గురువులకు, మిత్రులకు ఒక మనవి. టైపు చేసిన 40 పేజీల నోట్సు మామూలుగా ఒక ఎం.బి. లోపే ఉంటుంది. అవే పేజీలను ఫోనుతో ఫోటోలు తీసి పి.డి.ఎఫ్. చేస్తే 80 ఎం.బి. అయినా ఆశ్చర్యం లేదు. అంతటితో పోదు. కోటీ ఇరవై లక్షల చుక్కల ఫోటోను పూర్తిగా విప్పి ర్యామ్‌లో పరచాలంటే చుక్కకు 4 బైట్ల చొప్పున 48 ఎం.బి. కావాలి. కట్టిన మోపు చిన్నదే, పరిస్తే కళ్ళమంతా తనదే. చిన్న టాబ్లెట్లలో పేజీ తిరగడానికి గుక్క తిప్పుకునేది ఇక్కడే. నోట్సు టైపు చేసి ఇస్తే, లేదా నలుపు తెలుపుల్లో స్కాన్ చేసి ఇస్తే, 3 జి.బి. టాబ్లెట్ ఉన్న విద్యార్థి కూడా మిగిలినవాళ్ళతో సమానంగా చదువుకోగలడు. అతనికి కావలసింది కొత్త టాబ్లెట్ కాదు, మనం కాస్త శ్రద్ధగా తయారుచేసిన ఫైలు.

విద్యార్థి సంఘం తలచుకుంటే ఇది కష్టమేమీ కాదు. ప్రతి శాఖ నోట్సూ, పాత ప్రశ్నపత్రాలూ చిన్న ఫైళ్ళుగా గ్రంథాలయంలో ఒకచోట ఉంచితే ఎవరికి కావలసినది వాళ్ళు దించుకుంటారు, ఒకే ఫైలు పది గ్రూపుల్లో తిరిగి పదిసార్లు నిల్వ కావడం తప్పుతుంది. వచ్చే ఏడు మన ఓట్లు అడగడానికి వచ్చే మిత్రులు టాబ్లెట్లు ఇప్పిస్తామని వాగ్దానం చేయనక్కర లేదు. ఈ ఒక్క పని చేస్తామంటే నా ఓటు వాళ్ళకే.