వేగం పదోవంతు, వేడి మూడోవంతు

మే నెల మధ్యాహ్నం నెల్లికుదురులో, రేకుల గదిలో కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థికి నేనిచ్చే సలహా ఒక్కటే: ఓవర్‌క్లాకింగ్ జోలికి పోవద్దు. గ్రాఫిక్స్ కార్డును కంపెనీ నిర్ణయించిన దానికంటే వేగంగా నడపటాన్నే అలా అంటారు.

ఎందుకో లెక్క వేద్దాం. చిప్పులో పుట్టే వేడి ముఖ్యంగా దాని గడియార వేగానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం 10 శాతం పెంచి, అది తడబడకుండా వోల్టేజిని కూడా 10 శాతం పెంచామనుకోండి. 1.1 × 1.1 × 1.1 = 1.33. పదోవంతు వేగానికి మూడోవంతు అదనపు వేడి!

ఆ వేడిని కార్డు ఫ్యాను గదిలోని గాలికే కదా అప్పగించాలి? 24 డిగ్రీల ఏ.సి. గదిలో 65 డిగ్రీల దగ్గర నిలిచే చిప్పు, అదే పని చేస్తూ 42 డిగ్రీల గదిలో సుమారు 83కు చేరుతుంది. హద్దు దాటితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మన శ్రమంతా వృథా.

కొనేటప్పుడే వాట్లు చూడండి. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650కి 75 వాట్లు, అంటే పాత సీలింగు ఫ్యానంత చాలు. 2022 నాటి ఆర్‌టీఎక్స్ 4090కి 450 కావాలి. ఆరు ఫ్యాన్లు! (కరెంటు బిల్లు కట్టేది నాన్నగారే.) మిగిలిన డబ్బు మంచి పవర్ సప్లయి మీద పెట్టండి.

చేతులు ఊరుకోకపోతే ప్రయోగాన్ని తిరగేయండి. వేగం మార్చకుండా వోల్టేజిని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, ఉష్ణోగ్రతను నోటుబుక్కులో రాసుకోండి. కంప్యూటరు ఆగిపోతే ముందటి అంకెకు వెనక్కి రండి.