గదికీ గదికీ సంత భాష!

మొన్న వానల్లో పాడేరు వెళ్లాను. మా బాబాయి అక్కడ టీచరు. ముందుగదిలో ఆయన విండోస్ కంప్యూటరు, వెనకగదిలో చెల్లెలి పాత ల్యాప్‌టాప్. అందులో ఉన్నది ఉబుంటు లినక్స్. ఉద్యోగ దరఖాస్తుకు రెండ్రోజులే గడువు. సర్టిఫికెట్లేమో బాబాయి కంప్యూటర్లో, దరఖాస్తు నింపేదేమో ల్యాప్‌టాప్‌లో. ఉన్న ఒక్క పెన్‌డ్రైవూ మొరాయించింది. మెయిల్ చేద్దామంటే నెట్ లేదు.

"ఏటిరా ఇది? ఈ గదిలోంచి ఆ గదికి కాయితం పంపడానికీ ఇంటర్నెట్టు కావాలేటి?" అన్నారు బాబాయి.

అక్కర్లేదు! రెండూ ఒకే వైఫై రౌటరుకు కలిసి ఉంటే చాలు. బయటి లైను పోయినా రౌటరుకు కరెంటు ఉన్నంతసేపు ఇంట్లో ఫైళ్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి.

"రెండూ వేర్వేరు కదన్నయ్యా, మాట కలుస్తుందా?" అని చెల్లెలి అనుమానం. మన్యం సంతలే అందుకు జవాబు. ఇంట్లో కువి మాట్లాడేవాళ్లూ, తెలుగు మాట్లాడేవాళ్లూ అక్కడ ఆదివాసీ ఒడియాలో బేరాలాడుకోవడం మామూలే. కంప్యూటర్లకూ అలాంటి సంత భాష ఉంది. పేరు ఎస్‌ఎంబీ. 1980ల్లో ఐబీఎంలో పుట్టి, విండోస్‌తో ఇంటింటికీ చేరింది.

దాన్ని యునిక్స్, లినక్స్ యంత్రాలకు నేర్పింది ఆండ్రూ ట్రిడ్జెల్. 1991 చివర్లో ఆయన కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి. తీగలో యంత్రాల మధ్య నడిచే సందేశాలను గమనిస్తూ, ఏ ప్రశ్నకు ఏ జవాబు వస్తోందో చూసి ప్రోగ్రాం రాశారు. పేరు కోసం ఎస్, ఎం, బీ అక్షరాలు వరసగా వచ్చే మాటలను నిఘంటువులో వెతికితే దొరికింది 'సాంబా'. మన సాంబారుకు చుట్టం కాదు లెండి!

ఇక పని మొదలెడదామా? విండోస్‌లో నెట్‌వర్క్ 'ప్రైవేట్'గా ఉందో లేదో చూడండి. పంచుకోవాల్సిన ఫోల్డరు మీద రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్, షేరింగ్, షేర్... ఈ వరసలో వెళ్లి 'రీడ్' అనుమతి ఇవ్వండి. కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఐపీకాన్ఫిగ్' అని కొడితే 192.168.1.5 లాంటి చిరునామా కనిపిస్తుంది. ఉబుంటు 'ఫైల్స్'లో 'నెట్‌వర్క్' లేదా 'అదర్ లొకేషన్స్' తెరిచి, సర్వర్ చిరునామా అడిగేచోట ఇంగ్లిషు అక్షరాల్లో ఎస్‌ఎంబీ, కోలన్, రెండు స్లాష్‌లు, ఆపైన ఆ అంకెలు టైపు చేయండి.

చాలామంది ఆగిపోయేది తర్వాతి మెట్టు దగ్గరే. అక్కడ అడిగేది విండోస్ పాస్‌వర్డు. రోజూ కొట్టే నాలుగంకెల పిన్ పనిచేయదు. అసలు పాస్‌వర్డే పెట్టుకోకపోతే విండోస్ మామూలుగా లోపలికి రానివ్వదు. బాబాయి పాస్‌వర్డు మర్చిపోయారు. అది పిన్ని డైరీలో దొరికింది!

సర్టిఫికెట్లు క్షణాల్లో వచ్చేశాయి. బాబాయి అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు పత్రం మాత్రం ల్యాప్‌టాప్‌లో పిచ్చిగీతలైంది. నెట్‌వర్కు ఫైలును మోస్తుందే గానీ ఫాంటును తేదు మరి. అలాంటివాటిని విండోస్‌లోనే పీడీఎఫ్ చేసి పంపండి. కొత్తగా రాసేవి యూనికోడ్‌లో రాసుకుంటే ఏ గదిలోనైనా తెలుగు తెలుగులాగే ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. పాత పరికరం ఏదో కలవట్లేదని ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌ను తిరిగి ఆన్ చేయకండి. 2017 మే నెలలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై అందులోని లోపం గుండానే పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నింటికీ దెబ్బ తగిలింది. సీ డ్రైవ్ మొత్తం తెరిచిపెట్టకుండా ఒక్క ఫోల్డరే పంచండి. పని కాగానే షేరింగ్ తీసేయండి.

తెల్లారేసరికి నెట్ వచ్చింది. కాయితాలన్నీ సిద్ధంగా ఉండటంతో, అది మళ్లీ పోయేలోపే చెల్లెలు దరఖాస్తు పంపేసింది. బాబాయి జేబులో మాత్రం పెన్‌డ్రైవు ఇంకా ఉంది. "ఉండనీరా, పాత చుట్టం" అన్నారు.

మీ ఇంట్లోనూ అలాంటి చుట్టం ఉంటే, అది మొరాయించే రోజు దాకా ఆగకండి. ఈ ఆదివారమే రెండు గదులనూ మాట్లాడించండి.