రంగు ఎవరి సొత్తు?

తాను తయారుచేసే వస్తువును ఇక చేయనని మానుకునే హక్కు ఏ సంస్థకైనా ఉంటుంది. దానితో నాకు తగవు లేదు. కాని మానుకుంటూ మానుకుంటూ, ఆ వస్తువు దేనితో తయారైందో, దాని స్థానంలో ఇంకేది పనికివస్తుందో ఆ ఎరుకను కూడా గోతిలో పూడ్చిపెట్టి పోయే హక్కు మాత్రం ఎవరికీ లేదని నా వాదన. ఈ పెద్ద మాటకు నేను తెచ్చే సాక్ష్యం చాలా చిన్నది: ఒక రంగుడబ్బా. అది కూడా బొమ్మకారుకు వేసే రంగు. నవ్వదలచినవారు ఇక్కడే నవ్వేసి ముందుకు రావచ్చు.

2009లో మా అబ్బాయికి పదేళ్ళు. అమెరికా మధ్యపశ్చిమంలోని మా ఊళ్ళో శీతాకాలం వస్తే పిల్లలకు ఇల్లే లోకం. ఆ చలికాలం మేమిద్దరం నేలమాళిగలో కూర్చుని ఒక రేడియో కంట్రోల్ కారు బిగించుకున్నాం. అసలు కారులో పదోవంతు పరిమాణం. దాని మీది పారదర్శకమైన బాడీకి వాడే ఏరికోరి ఒక నీలం వేశాడు. డబ్బా మీద సంస్థవారు పెట్టిన పేరు ఏదో ఉండేది. వాళ్ళమ్మ చూసి "ఇది నెమలికంఠం రంగురా" అంది. ఇంట్లో ఆ పేరే స్థిరపడిపోయింది. ఏళ్ళు గడిచాయి, చక్రాల పైభాగాన బాడీ పగిలింది, అంచులు చిట్లిపోయాయి. మొన్న చలికాలం సెలవులకు వచ్చినప్పుడు వాడే అడిగాడు: "నాన్నా, దానికి కొత్త చొక్కా కుట్టిద్దామా? అదే రంగు."

బాడీ ఒక్కరోజులో దొరికింది. రంగు దొరకలేదు. దుకాణంవారిని అడిగితే ఆ రకం మొత్తం ఎప్పుడో ఆపేశారన్నారు. తయారీదారుకు ఉత్తరం వ్రాస్తే "ఈ సరుకు ఇక లభ్యం కాదు" అని ఒక్క వాక్యం జవాబు. బదులుగా ఏది వాడవచ్చు, అందులో ఉన్న నీలం ఏ నీలం అని మళ్ళీ అడిగితే ఆ మాత్రం జవాబు కూడా రాలేదు. సంస్థ పేరు చెప్పను. ఒక సంస్థను తిట్టి చేతులు దులుపుకోవడానికి కాదు ఈ టపా; ఈ రోగం ఒక్కరిది కాదు.

"నీలం రంగే కదా, బజారులో కొల్లలు" అనేవారి కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఈ బాడీలు పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ రేకుతో చేస్తారు. రేకును వేడిచేసి, అచ్చు మీద పరచి, కింది నుంచి గాలి లాగేస్తే అచ్చు ఆకారానికి అతుక్కుంటుంది. మందం ఒక మిల్లీమీటరు, తరచు అంతకంటే తక్కువ. గోడకు గుద్దుకుంటే వంగి మళ్ళీ యథాస్థితికి రావడమే దాని గొప్పదనం. అంటే దాని మీద వేసిన రంగు కూడా వంగాలి. మామూలు రంగు ఎండాక పెంకులా గట్టిపడుతుంది. బాడీ వంగిన మొదటి దెబ్బకే పెచ్చులుగా రాలుతుంది. ఈ ప్లాస్టిక్‌కు చేసిన రంగు సాగుతుంది, పైగా అందులోని ద్రావణి రేకు ఉపరితలాన్ని కొద్దిగా కరిగించి లోపలికి కొరికి పట్టుకుంటుంది. ఆ కొరుకుడు తక్కువైతే రంగు ఊడుతుంది. ఎక్కువైతే రేకే పెళుసెక్కి, వెంట్రుకవాసి పగుళ్ళు దేరి, చిట్లుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న ఇరుకు సందులో నడిచే రంగు ఇది.

ఇంకొక విశేషం: రంగు వేసేది బయట కాదు, లోపల. తంజావూరులో అద్దం వెనుకవైపు నుంచి వేసే దేవుళ్ళ పటాలు చూసినవారికి ఈ పద్ధతి వెంటనే బోధపడుతుంది. అక్కడ కనుపాపలు, నగలు ముందు వేస్తారు, వెనుక తెర చివర వేస్తారు. ఇక్కడా అంతే. చిన్న చారలు ముందు, పెద్ద రంగు తరువాత. ముదురు ముందు, లేత తరువాత. రేకే పై మెరుగు, రేకే రక్షణ. అందుచేత కంటికి కనిపించే రంగు డబ్బాలోని రంగు ఒక్కటే కాదు. దాని వెనుక ఏ పూత ఉన్నదన్నది కూడా. ఒకే పలుచని నీలం వెనుక తెలుపు వేస్తే వెలుగుతుంది, వెండి వేస్తే లోతుగా మెరుస్తుంది, నలుపు వేస్తే మునిగిపోతుంది.

ఇక నా తగవులకు వస్తాను. మొదటి తగవు తయారీదారుతో కాదు, మా సాటి సరదారాయుళ్ళతో. రంగు దొరకడం లేదని అనగానే "ఏ డబ్బా అయినా ఒకటే, హార్డ్‌వేర్ కొట్లో దొరికేది కొట్టెయ్" అని ఉచిత సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వేసిన రోజు అందంగా ఉంటుంది, ఫొటో కూడా తీసి చూపిస్తారు. నెల తరువాతి ఫొటో ఎవరూ చూపించరు. టామియావారు గట్టి ప్లాస్టిక్ నమూనాలకు ఒక వరుస, పాలీకార్బొనేట్‌కు పి.ఎస్. అనే మరొక వరుస విడివిడిగా అమ్ముతున్నది ఊరికే కాదు. మొదటిది ఈ రేకు మీద నిలవదు. రెండవది మామూలు ప్లాస్టిక్ నమూనా మీద కొడితే దాన్ని పాడుచేస్తుంది. పక్కపక్కనే ఉండే రెండు డబ్బాల మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు "ఏదైనా ఒకటే" అనడం అజ్ఞానం కాదు, అశ్రద్ధ.

రెండవ తగవు దాచుకుని అమ్మేవారితో. ఒక రకం ఆగిపోతుందని గాలివార్త రాగానే అటకలు నింపుకుని, పిమ్మట నాలుగింతలకు అమ్మేవారు తాము చరిత్రను కాపాడుతున్నామని చెప్పుకుంటారు. ఏళ్ళ తరబడి అటక మీద పడి ఉన్న స్ప్రే డబ్బాలో గాలి ఒత్తిడి తగ్గవచ్చు, మూతి మూసుకుపోవచ్చు, అడుగున రంగు గడ్డకట్టవచ్చు. మీట నొక్కేదాకా కొన్నవాడికి తెలియదు. పైగా ఆ డబ్బా ఒకటి రెండు బాడీలకు సరిపోతే అదే ఎక్కువ. తరువాత? మళ్ళీ అదే వెదుకులాట. నిధి దొరికిందనుకున్నాం గాని, వాయిదా దొరికిందంతే. ఇతర దేశాల నుంచి తెప్పించుకుందామంటే అదీ తేలిక కాదు: స్ప్రే డబ్బా మండే వాయువుతో ఒత్తిడిలో ఉన్న వస్తువు కాబట్టి ప్రమాదకర సరుకుల జాబితాలో చేరి, మామూలు విమానపు టపాలో వెళ్ళదు. దగ్గరలో అమ్మేవాడు ఆపితే, లోకంలో ఎక్కడో ఉన్నా మనకు లేనట్టే.

మరి నేనేం చేశాను? బాడీ కత్తిరించగా మిగిలే అంచులు పారవేయలేదు. అవే పరీక్షాపత్రాలు. డబ్బా మీద పాలీకార్బొనేట్ అన్న మాట ఉన్నవి రెండు, ఎయిర్‌బ్రష్‌తో వేసే నీటిరంగు ఒకటి తెచ్చాను. ముక్కల్ని పాత్రలు తోమే సబ్బుతో, గోరువెచ్చని నీటితో కడిగి ఆరబెట్టి, పలుచగా మూడు నాలుగు పూతలు వేసి, ఒక రోజంతా వదిలేశాను. తరువాత ముక్కను అటూ ఇటూ ఇరవైసార్లు వంచాను. బ్లేడుతో చిన్న చిన్న గళ్ళు గీసి, టేపు గట్టిగా అంటించి ఒక్కసారిగా లాగాను. ఇది నా సొంత చిట్కా కాదు. రంగు పట్టును చూడడానికి పరిశ్రమలో ఏనాటి నుంచో ఉన్న పరీక్షకు ఇంటి రూపం. టేపుకు రంగు అంటితే పట్టు లేదు. వంచినప్పుడు రేకే తెల్లబడి చిట్లితే ద్రావణి మరీ ఘాటు. పట్టు విషయంలో రెండు నెగ్గాయి. కాని రెండూ నెమలికంఠం కావు. ఒకటి మరీ ఊదా వైపు, ఇంకొకటి మరీ ఆకుపచ్చ వైపు.

అసలు విషయం ఇక్కడ ఉంది. పట్టును ఇంట్లో పరీక్షించవచ్చు. రంగును దేనితో పోల్చాలి? ఆ సంస్థ మాకు ఇచ్చింది ఒక అందమైన పేరూ, తన జాబితాలో ఒక అంకే. సంస్థ ఆ వరుసను ఆపగానే ఆ పేరూ ఆ అంకే రెండూ అర్థం లేని గుర్తులైపోయాయి.

తెలుగు బ్లాగరులకు ఈ బాధ విడమర్చి చెప్పాలా? ఒకప్పుడు ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఖతి ఉండేది. అందులో "అ" ఏ గడిలో ఉంటుందో ఆ ఖతి చేసినవాడి ఇష్టం. ఖతి లేకపోతే పుట మొత్తం గజిబిజి. ఖతి పోతే అందులో వ్రాసినదంతా పోయినట్టే. పద్మ వంటి ఉపకరణాలు చేసి ఆ గజిబిజిని మళ్ళీ తెలుగు చేయడానికి మనవారు ఎంత శ్రమపడ్డారో మీలో చాలామంది ఎరుగుదురు. యూనికోడ్ చేసిన ఉపకారం అక్షరాలను అందంగా మార్చడం కాదు. అక్షరానికి ఎవరి సొత్తూ కాని ఒక సంఖ్య ఇవ్వడం. ఖతి రావచ్చు, పోవచ్చు. "అ" మాత్రం "అ"గానే ఉంటుంది.

రంగులకు కూడా అటువంటి సంఖ్య ఉన్నది, యూనికోడ్ కంటే ఎంతో ముందు నుంచి! ఇంగ్లండులోని అద్దకపువారి, రంగులవారి సంఘం 1924లో మొదలుపెట్టిన కలర్ ఇండెక్స్ అదే. రంగునిచ్చే పొడికి, అంటే పిగ్మెంటుకు, అందులో ఒక గుర్తు ఉంటుంది. థాలో నీలం పి.బి. 15, అల్ట్రామెరీన్ నీలం పి.బి. 29, టైటానియం తెలుపు పి.డబ్ల్యు. 6. చిత్రకారులు కొనే మంచి రంగుల గొట్టాల మీద ఈ గుర్తు అచ్చువేసి ఉంటుంది. అందుచేత ఒక సంస్థ ఒక నీలాన్ని ఆపేసినా చిత్రకారుడు దిక్కులేనివాడు కాడు; అదే గుర్తున్న మరొక గొట్టం వెదుక్కుంటాడు. మా స్ప్రే డబ్బాల మీద మాత్రం పేరే గాని గుర్తు లేదు. ఆ డబ్బా మీద ఆ చిన్న గుర్తు ఉండి ఉంటే, నాకు ఆ సంస్థతో ఈనాడు పనే ఉండేది కాదు.

"అది వ్యాపార రహస్యం" అంటారు. చిత్రకారుల రంగులు చేసేవారు గుర్తు బయటపెట్టి మూతపడ్డారా? ఏ పొడి అన్నది చెప్పినంత మాత్రాన ఎంత పాలు, ఏ రెజిన్‌లో, ఏ ద్రావణితో అన్నది చెప్పినట్టు కాదు. పులుసులో చింతపండు ఉందని చెబితే అత్తగారి చేతివాటం దొంగతనం అయిపోదు. "అమ్ముడుపోని సరుకు చేస్తూ కూర్చోవాలా?" అంటారు. వద్దు, ఆపండి. ఆపుతూ ఒక కాగితం ముక్క వదలండి అంటున్నాను. "గుర్తు తెలిసినంత మాత్రాన అచ్చం అదే రంగు వస్తుందా?" అంటారు. రాకపోవచ్చు, పాళ్ళు తెలియవు గనుక. కాని చీకట్లో తడుముకోవడానికీ, దారి తెలిసి నడవడానికీ తేడా లేదా?

ఈ రేకు కథే నాకు సాక్ష్యం. 1953లో జర్మనీలో బేయర్ సంస్థలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ విడివిడిగా ఈ ప్లాస్టిక్‌ను కనుగొన్నారు. ఒకరు మాక్రోలాన్ అన్నారు, ఇంకొకరు లెక్సాన్ అన్నారు. జనరల్ ఎలక్ట్రిక్‌వారు 2007లో తమ ప్లాస్టిక్ వ్యాపారాన్నే సౌదీ సంస్థ సాబిక్‌కు అమ్ముకున్నారు. మాకేమీ కాలేదు. ఎవరు చేసినా పాలీకార్బొనేట్ పాలీకార్బొనేటే కాబట్టి. వస్తువుకు అందరిదీ అయిన పేరు ఉంటే, యజమాని మారినా వస్తువు అనాథ కాదు.

మన అమ్మలు చీరల రంగులకు పెట్టిన పేర్లు చూడండి. చిలకపచ్చ, వంగపండు, నెమలికంఠం. చిలకను, వంకాయను, నెమలిని ఏ సంస్థా "ఇక లభ్యం కాదు" అనలేదు. కొలతకు నిలవని పేర్లే కావచ్చు, కాని అందరి సొత్తు.

అందుచేత నేను అడిగేది మూడు ముక్కలు. డబ్బా మీద పిగ్మెంటు గుర్తు అచ్చువేయండి. రంగు నీటిదో ద్రావణిదో, ఏ ప్లాస్టిక్‌కు పనికివస్తుందో, దేనికి పనికిరాదో స్పష్టంగా చెప్పండి. ఒక వరుస ఆపినప్పుడు దగ్గరి బదులు ఏదో, అది పోటీదారుది అయినా సరే, చెప్పి ఆపండి. కొనేవాళ్ళం మనమూ తక్కువ తినలేదు. డబ్బా ఖాళీ అయ్యాక పారవేసే ముందు దాని మీదిదంతా ఎన్నడైనా వ్రాసి పెట్టుకున్నామా? 2009లో నేను ఆ నీలం వెనుక ఏ రంగు వేశానో కూడా వ్రాసి ఉంచుకోలేదు. పాత బాడీని గోరుతో గీరి చూడవలసి వచ్చింది. వెండి.

ఆ వెండే చివరకు దారి చూపింది. ఆకుపచ్చ వైపు మొగ్గిన నీలం పలుచగా, దాని వెనుక వెండి, ఆ వెనుక నలుపు. గరాజు తలుపు బార్లా తెరిచి, మొహానికి ముసుగు తగిలించుకుని, ఇద్దరం వంతులవారీగా కొట్టాం. పై పొర ఒలిచాక పాత ముక్క పక్కన పెట్టి చూశాం. వాడు "దగ్గరగా వచ్చింది నాన్నా" అన్నాడు. వాళ్ళమ్మ ఎండలోకి తీసుకెళ్ళి చూసి, "నెమలికంఠం కాదు గాని, దాని చెల్లెలు" అంది.

ఈసారి ఏ రంగు, ఎన్ని పూతలు, వెనుక ఏది, ఏ తేదీన వేశామో కాగితం మీద వ్రాసి, బాడీ లోపల అంటించాను. తయారీదారు చేయని పని అది. మీ ఇంట్లోనూ ఏ అటక మీదో అటువంటి డబ్బా ఒకటి ఉండే ఉంటుంది. పారవేసే ముందు దాని మీద ఉన్నది ఒకసారి చదివి వ్రాసి పెట్టండి.