కాగితంలో లేని ఒక్క మాట: డంజన్స్ అండ్ డ్రాగన్స్ లైసెన్సు గొడవ చెప్పేదేమిటి?

సూరత్‌లో పవర్‌లూమ్‌ల మీద బతికే తెలుగు కుటుంబాలకు జాబ్‌వర్క్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. దారం వ్యాపారిది, మగ్గం ఇంకొకరిది, నేసిన గుడ్డ మళ్లీ వ్యాపారిదే. మీటరుకు ఎంత అన్నదీ అతను చెప్పిందే. ఏళ్ల తరబడి నడిచిన మాట ఒక సీజన్‌లో మారిపోతే, ఇదిగో అని చూపించడానికి చేతిలో కాగితం ఉండదు. 2023 జనవరిలో ఇలాంటి చిక్కే అమెరికాలో చేతిలో కాగితం ఉన్నవాళ్లకు కూడా ఎదురైంది. వాళ్లు బట్టలు నేసేవాళ్లు కాదు, కథల ఆటలు రాసేవాళ్లు.

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. చేసిన పని ఫలించిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. చీటీలు వేసి ఆడే రాజు-మంత్రి-దొంగ ఆటకు నవలంత కథనూ పుస్తకమంత నియమావళినీ జోడిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇలాంటి రోల్‌ప్లేయింగ్ ఆటల్లో 1974లో మొదటగా అచ్చయింది డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1997లో దాన్ని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనుక్కుంది. 1999లో ఆ విజార్డ్స్‌ను బొమ్మల దిగ్గజం హాస్‌బ్రో కొనుక్కుంది.

ఈ వ్యాపారంలో ఒక విచిత్రం ఉంది. కంపెనీ పుస్తకాన్ని ఒక్కసారే అమ్ముతుంది. ఆ పుస్తకం అటకెక్కకుండా చూసేది మాత్రం వారం వారం ఇంట్లో కూర్చుని కథలు అల్లే, పటాలు గీసే, కొత్తవాళ్లకు ఆట నేర్పే జనం. వాళ్లకు జీతం లేదు. వాళ్లు మానేస్తే ఆట ఆగిపోతుంది.

2000లో విజార్డ్స్‌లో పనిచేస్తున్న ర్యాన్ డాన్సీ ఈ సంగతిని వ్యాపార సూత్రంగా మార్చాడు. ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని చూసి ఓపెన్ గేమ్ లైసెన్సును ముందుకు తెచ్చాడు. ఆట మూల నియమాలను ఎవరైనా వాడుకుని సొంత కథలు అచ్చువేసి అమ్ముకోవచ్చు, రుసుము కట్టక్కర్లేదు. చిన్న కథల పుస్తకాల మీద పెద్ద కంపెనీకి మిగిలేది తక్కువ. ఆ కథలు కొన్నవాళ్లకు మాత్రం మూల పుస్తకం కావాలి. దానం లాగా కనిపించినా లెక్క లెక్కే.

ఆ లెక్కకు ఇంకో పార్శ్వం కూడా ఉంది. 2008లో నాలుగో కూర్పుతో పాటు విజార్డ్స్ కఠినమైన కొత్త లైసెన్సు తెచ్చింది. పైజో అనే చిన్న ప్రచురణ సంస్థ అటు వెళ్లకుండా, పాత లైసెన్సు ఆధారంగానే 2009లో పాత్‌ఫైండర్ అనే సొంత ఆటను విడుదల చేసింది. విజార్డ్స్ ఇచ్చిన నియమాలతోనే విజార్డ్స్‌కు పోటీదారు పుట్టుకొచ్చింది. ఆ లైసెన్సు మీద కంపెనీకి కన్ను పడిందంటే ఆశ్చర్యం లేదు.

2022 డిసెంబరులో విజార్డ్స్ అధిపతి సింథియా విలియమ్స్ మదుపర్ల ముందు మాట్లాడుతూ, ఈ ఆట నుంచి రావాల్సినంత డబ్బు రావడం లేదన్నారు. నెల తిరగకుండానే, జనవరి 5న, కొత్త లైసెన్సు ముసాయిదా గిజ్‌మోడో ద్వారా బయటపడింది. ఏడాదికి 7,50,000 డాలర్లు దాటిన రాబడిపై 25 శాతం వరకు రాయల్టీ కట్టాలి. లాభం మీద కాదు, రాబడి మీద. అచ్చు, రవాణా, బొమ్మలు గీసేవారి పారితోషికం పోను మిగిలేది అంతంత మాత్రమైన వ్యాపారంలో దీన్ని పన్ను అనడం కంటే మూసివేత నోటీసు అనడమే సబబు. పైగా ఈ లైసెన్సు కింద ఇతరులు రాసినదాన్ని కంపెనీ కూడా వాడుకోవచ్చు.

పాత లైసెన్సు ఉండగా ఎవరైనా కొత్తదాన్ని ఎందుకు ఒప్పుకుంటారు? అసలు మెలిక అక్కడే ఉంది. పాత కాగితంలో అనుమతి ‘శాశ్వతం’ అని ఉంది, ‘వెనక్కి తీసుకోరానిది’ అని మాత్రం లేదు. తొమ్మిదో నిబంధనలో లైసెన్సు ‘అధీకృత’ కూర్పుల్లో దేన్నైనా వాడుకోవచ్చని ఉంది. కాబట్టి పాతది ఇక అధీకృతం కాదని ప్రకటిస్తే సరిపోతుందన్నది కంపెనీ వాదన. ఆ అధికారం హాస్‌బ్రోకు లేదని స్వయంగా డాన్సీయే బహిరంగంగా చెప్పాడు. కానీ కోర్టుకెళ్లి తేల్చుకునే స్తోమత ముగ్గురు మనుషులతో నడిచే ప్రచురణ సంస్థకు ఎక్కడిది?

ఆటగాళ్లు కోర్టుకు వెళ్లలేదు, చందాలు రద్దు చేశారు. కంపెనీ ఆన్‌లైన్ సేవ డీ అండ్ డీ బియాండ్ నుంచి పెద్ద ఎత్తున తప్పుకున్నారు. జనవరి 12న పైజో, ఏ ఒక్క ప్రచురణకర్త చేతిలోనూ ఉండని ఓర్క్ అనే కొత్త లైసెన్సును ప్రకటించింది. 1,500కు పైగా ప్రచురణకర్తలు మద్దతు పలికారు. విజార్డ్స్ కాస్త తగ్గి 19న మరో ముసాయిదా విడుదల చేసి సర్వే పెట్టింది. 15,000కు పైగా జవాబులు వచ్చాయి. పాత లైసెన్సు రద్దుపై 89 శాతం మంది అసంతృప్తి తెలిపారు. జనవరి 27న కంపెనీ చేతులెత్తేసింది. పాత లైసెన్సును ముట్టుకోబోమని చెప్పడమే కాదు, 400 పేజీల పైచిలుకు మూల నియమావళిని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. షరతులు పాటించినంత కాలం దాన్ని కంపెనీ వెనక్కి తీసుకోలేదు.

ప్రచురణ సంస్థలు ఆటగాళ్లకు ఇచ్చే మద్దతు గురించి మాట్లాడేటప్పుడు ఉచిత కథలు, దుకాణాల్లో పోటీలు, సమ్మేళనాలు గుర్తొస్తాయి. అవి మంచివే. కానీ అవన్నీ కంపెనీ దయ మీద, అందులో పనిచేసే మనుషుల మీద ఆధారపడినవి. 2023 డిసెంబరులో హాస్‌బ్రో సుమారు 1,100 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. విజార్డ్స్‌లోనూ ఉద్యోగాలు పోయాయి. ఆటగాళ్లతో ఏళ్లుగా మాట్లాడుతున్నవాళ్లు ఒక్క మెయిల్‌తో బయటికెళ్లిపోగలరు. వెనక్కి తీసుకోలేని లైసెన్సుకు ఆ ప్రమాదం లేదు. పైజో పురాణమూ మచ్చలేనిదేం కాదు. అక్కడి ఉద్యోగులు 2021లో యూనియన్ పెట్టుకోవాల్సి వచ్చింది.

క్రియేటివ్ కామన్స్‌లోకి వచ్చింది మొత్తం ఆట కాదన్నది కూడా నిజం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే వ్యాపార నామం, కంపెనీ కల్పిత లోకాలు, కొన్ని పేరున్న రాక్షసులు ఇంకా కంపెనీవే. అయినా గొడవ ఫలితం నిలిచింది. 2024లో సవరించిన నియమాల మూల భాగాన్ని కూడా 2025 ఏప్రిల్‌లో అదే లైసెన్సు కింద విడుదల చేశారు. ఈసారి ఎవరూ చందాలు రద్దు చేయనక్కర్లేకపోయింది.

ఇందులో తెలుగువాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటుంది. కొత్త మూల పుస్తకం ఒక్కోటి అమెరికాలో 50 డాలర్లు. మూడు కొంటే మన దగ్గర ఒక మోస్తరు ఫోను వస్తుంది. మూల నియమావళి మాత్రం ఉచితం. 2023లో విజార్డ్స్ దాన్ని ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ భాషల్లో కూడా ఇచ్చింది. తెలుగులో ఇస్తుందని ఎదురుచూడనక్కర్లేదు. ఎవరైనా అనువదించవచ్చు, రాక్షసుల స్థానంలో మన జానపద కథల బ్రహ్మరాక్షసులను పెట్టవచ్చు, అచ్చువేసి అమ్ముకోవచ్చు కూడా. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. అక్కడి ఉపాధ్యాయుడు ఒకరు పిల్లల చేత తెలుగులో కథ చెప్పించడానికి దీన్ని వాడుకోదలిస్తే సియాటిల్ పక్కనున్న కంపెనీకి ఉత్తరం రాయనక్కర్లేదు. మూలం ఎవరిదో, ఏ లైసెన్సు కింద తీసుకున్నారో, ఏం మార్చారో పేర్కొంటే చాలు. మూలాన్ని ఎలా పేర్కొనాలో ఆ పత్రం మొదటి పేజీలోనే రాసి ఉంది.