కోట దారి తెలుసు, గేటే తెరవడం లేదు

మొన్న మా సీనియర్ అక్క వాట్సాప్ స్టేటస్‌లో ఒక ఫొటో పెట్టింది. ఇక్కడే ఈసీఈ చదివి, ఇప్పుడు జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఎం.ఎస్. చేస్తోంది. కింద నెకార్ నది, ఆ ఒడ్డున కొండవాలులో ఎర్రరాతి కోట, ఈ ఒడ్డున కొండ మీద సన్నటి బాట. దాన్ని తత్త్వవేత్తల బాట అంటారట. తెల్లారగట్ల ఆ బాట మీద పరిగెత్తి వచ్చిందట. మా రూములో అందరం ఆ ఫొటో జూమ్ చేసి మరీ చూశాం. "అబ్బ, ఏం కోటే బాబూ!" అంది మా రూమ్మేటు. దాని సొంతూరు బొబ్బిలి!

దాన్ని చూసి నేను నవ్వలేదు. రెండేళ్ళ కిందట నేనూ అంతే. మాది సాలూరు. ఇంజనీరింగ్‌కి విజయనగరం వచ్చిన కొత్తలో కోటంటే నాకు ఆటోలోంచి కనపడే పాత గోడ, అంతే. దాని చుట్టూ పరిగెత్తడం మొదలెట్టాకే ఈ ఊరు నాకు ఊరైంది. పరుగుకి కావాల్సిన కోట, కొండ, చెరువు అన్నీ ఉన్నచోట చదువుకుంటున్నాం. కానీ మనలో సగం మందికి ఆ దారి మీదకి వెళ్ళాల్సిన వేళకి గేటు తెరుచుకోదు. ముందు దారుల గురించి చెప్తాను, తర్వాత గేటు సంగతి.

శని, ఆదివారాలు కోట దగ్గర మా పిన్ని వాళ్ళింట్లో ఉంటాను. మొదటి రూటు మూడు లాంతర్ల దగ్గర మొదలవుతుంది. పైడితల్లమ్మ చదురు గుడికి ఒక దణ్ణం పెట్టుకుని కోట వైపు వెళ్ళాలి. దసరా అయ్యాక వచ్చే మంగళవారం సిరిమాను మూడుసార్లు తిరిగే దారి ఇదే. ఆ రోజు ఇక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. మామూలు ఆదివారం తెల్లారగట్ల మాత్రం పాలవాళ్ళు, పేపర్లు వేసే కుర్రాళ్ళు, నేను.

కోటకి పునాది పడింది 1713లో. కట్టించిన రాజు పేరు విజయరామరాజు, సంవత్సరం విజయ, తిథి విజయదశమి, వారం జయవారం, అంటే మంగళవారం. ఇన్ని జయాలు కలిసి విజయనగరం అయ్యిందని ఊళ్ళో చెప్తారు. కోట చదరంగా ఉంటుంది. ఒక్కో గోడ సుమారు 240 మీటర్లు. లెక్క ప్రకారం ఒక చుట్టు కిలోమీటరుకి కాస్త తక్కువ. బయట సందులు, కొట్లు తప్పించుకుంటూ తిరిగితే నా వాచీలో ఎప్పుడూ కిలోమీటరు దాటుతుంది. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం 1600 మీటర్లు ప్రాక్టీసు చేసేవాళ్ళకి రెండు చుట్లు చాలు. అక్కణ్ణుంచి గంటస్తంభం, పెద్దచెరువు, మళ్ళీ వెనక్కి. అటూ ఇటూగా ఐదు కిలోమీటర్లు.

రెండో రూటు నెల్లిమర్ల మీదుగా రామతీర్థం. పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు. వెళ్ళేటప్పుడు పరుగు, వచ్చేటప్పుడు ఆటో. మొదటిసారి మా బాబాయి స్కూటీ మీద వెనకాలే వచ్చాడు. నెల్లిమర్లలో జూట్ మిల్లు, చంపావతి దాటాక పొలాల మధ్య నున్నటి రాతికొండలు కనపడతాయి. బోడికొండ మీద రాముడి గుడి. గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల ఇటుక గోడలు. మన కోటకంటే వెయ్యేళ్ళకి పైగా పాతవి అవి. ఆ రోజు దారిలో ఒక మామ్మ నన్ను ఆపేసింది.

"ఏటమ్మా, బస్సు తప్పిపోనాదా?"

"లేదు మామ్మా, ఊరికే పరిగెడుతున్నాను."

"ఊరికే ఎవులైనా పరిగెడతారేటి? ఆగు, నీల్లు తాగి ఎల్లు."

మూడోది పద్మనాభం కొండ. ఇక్కడ పరిగెత్తను, ఎక్కుతాను. పైన అనంత పద్మనాభుడి గుడి దాకా వెయ్యికి పైగా మెట్లు. 1794 జులై 10న చినవిజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచింది ఈ పద్మనాభంలోనే. స్కూల్లో ఆ తేదీ బట్టీ పట్టి మర్చిపోయాను. సగం మెట్ల దగ్గర ఊపిరందక కూలబడి, కింద పొలాలు చూస్తూ గుర్తుచేసుకున్నాక ఇక మర్చిపోలేదు. 1757 జనవరి 24 కూడా అంతే. అది బొబ్బిలి యుద్ధం జరిగిన రోజు. ఇప్పుడున్న బొబ్బిలి కోట ఆ యుద్ధం తర్వాత ఎన్నో ఏళ్ళకి కట్టింది. దాని చుట్టూ ఒకసారి పరిగెత్తించమని మా రూమ్మేటుని అడిగాను. సెలవులకి రమ్మంది.

ఇప్పుడు గేటు సంగతి.

"కోట సూపరక్కా" అని సీనియర్ అక్కకి మెసేజ్ పెట్టాను. ఆమె రాసింది: "కోట సరే గానీ, ఇక్కడ నాకు నచ్చేది వేరే. నాలుగున్నరకి నా తాళం నేనే తీసుకుని బయటికొస్తాను. అది ఫొటోలో పడదే."

మా బాయ్స్ హాస్టల్ గేటు ఉదయం ఐదింటికి తీస్తారు. గర్ల్స్ హాస్టల్ గేటు ఆరున్నరకి. ఎందుకని అడిగితే "చీకటమ్మా" అంటారు. మనం ఇంజనీరింగ్ విద్యార్థులం కదా, లెక్క చూద్దాం. మన ఊళ్ళో జనవరిలో పొద్దు పొడిచేది ఆరున్నర ప్రాంతంలో. ఏప్రిల్ మధ్యలో పావుతక్కువ ఆరుకి. మే చివర ఐదూ ఇరవైకే. అంటే మా గేటు టైము జనవరికి సరిగ్గా సరిపోయింది. మిగతా నెలల్లో అంతో ఇంతో పగటి వెలుతురు మా గేటు లోపలే అయిపోతోంది. వేసవిలో ఆరున్నరకి బయటికొచ్చి కోట దాకా వెళ్ళేసరికి ఎండ నెత్తిమీదుంటుంది. సముద్రం దగ్గరి ఊరు, ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. ఆ వేళకి పరుగు కాదు, నడకే కష్టం.

భయం అబద్ధమని నేను అనడం లేదు. మా నాన్న కూడా ఫోన్లో మొదట అడిగింది "ఎవడైనా ఏదైనా అంటే?" అనే. అన్నారు కూడా. ఒకసారి రోడ్డు మీద ఇద్దరు బైకు స్లో చేసి నా పక్కనే రావడం మొదలెట్టారు. నాకు కాళ్ళు వణికాయి. దగ్గర్లో టీ కొట్టుంటే అక్కడికెళ్ళి నిలబడ్డాను. టీ కొట్టాయన గరిటె పట్టుకుని బయటికొచ్చి "ఎవుర్రా మీరు?" అనేసరికి వెళ్ళిపోయారు. అప్పుడు టైమెంతో తెలుసా? ఉదయం ఏడుంపావు. హాస్టల్ గేటు తెరిచిన ముప్పావు గంట తర్వాత. ఆ రోజు నన్ను కాపాడింది తాళం కాదు, రోడ్డు మీద ఉన్న మనిషి. రోడ్డు మీద మనుషులు పెరిగితే భయం తగ్గుతుంది. మమ్మల్ని లోపల పెడితే రోడ్డు మీద మనుషులు ఇంకా తగ్గుతారు.

"ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది?" అని ఇంకో ప్రశ్న. ఐదింటికి వెళ్ళే అబ్బాయిల్ని కుక్క కరిస్తే, లారీ గుద్దితే ఎవరిదో, మాదీ వాళ్ళదే.

స్పోర్ట్స్ డే వస్తే మన ఫ్లెక్సీ మీద కరణం మల్లీశ్వరి ఫొటో ఉంటుంది. ఆమదాలవలస దగ్గరి పల్లెటూరి అమ్మాయి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం. పక్కనే మన జిల్లా కొండవెలగాడ నుంచి వెళ్ళి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషి. ఫ్లెక్సీ కట్టేదేమో మా గేటుకే! మా వాచ్‌మన్ తాత ఒకరోజు అన్నాడు: "నానేటి సేస్తానమ్మా, పైనుంచి ఆర్డరు. మా మనవరాలు సీకటితోనే లెగిసి పరిగెడతాది. దానికి ఈ గేటు నేదు."

నేను అడిగేది పెద్దదేం కాదు. గేటు టైముని గడియారానికి కాకుండా పొద్దుకి ముడిపెట్టండి. ఆ నెలలో సూర్యోదయం ఎప్పుడైతే అప్పుడు తీయండి. గేటు దగ్గర ఒక రిజిస్టరు పెట్టండి. పేరు, వెళ్ళే దారి, తిరిగొచ్చే టైము రాసి వెళ్తాం. ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్తాం. నెలకోసారి అబ్బాయిలూ అమ్మాయిలూ లెక్చరర్లూ కలిసి రామతీర్థం దాకా పరుగు పెట్టండి. రాలేనివాళ్ళు ఆటోలో నీళ్ళ సీసాలు పట్టుకొస్తారు. ఒక సెమిస్టరు చూడండి. బాగోలేకపోతే మళ్ళీ ఆరున్నరే చెయ్యండి.

ఆ మాటకొస్తే మన రాజుల కోట తలుపులే ఎప్పుడో చదువుకి తెరుచుకున్నాయి. అందులో ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి, అమ్మాయిలు చదువుకుంటున్నారు. ఒక హాస్టల్ గేటు గంట ముందు తెరవడం అంతకంటే కష్టమా?

ఈ విషయం మీద ఒక వినతిపత్రం రాశాం. ఇప్పటికి నలభై ఒక్క సంతకాలు పడ్డాయి. అబ్బాయిలవి ఏడే. మీరూ చెయ్యొచ్చు, మీ గేటేం మూసెయ్యరు.

వచ్చే ఆదివారం ఐదున్నరకి మూడు లాంతర్ల దగ్గర ఉంటాను. హాస్టల్ అమ్మాయిలు రాలేరని తెలుసు. డే స్కాలర్లు రండి. కొత్తవాళ్ళకి కోట ఒక్క చుట్టే, నెమ్మదిగానే.