డ్రైవరు స్థాపన విద్యార్థి చేతనే జరగాలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో పట్టభద్రులై బెంగుళూరుకు కొలువు వెతుక్కుంటూ వెళ్ళే మన విద్యార్థులకు అందుబాటులో ఉన్న పనులలో సాఫ్ట్‌వేర్ పరీక్ష ఒకటి. బ్రౌజరును మనిషి చేయి తగలకుండా నడిపించే ‘డ్రైవరు’ను కంప్యూటరులో స్థాపించుకొనుట ఆ పనికి తొలి మెట్టు. ప్రతి ఉదయం వెబ్ పుట తెరచి, మదనపల్లె మార్కెట్టు పేరు ఎంచి, టమాటా ధర రాసుకొనే శ్రమను ఊహించండి. డ్రైవరు తోడుంటే ఆ పనినంతా ప్రోగ్రామే చేయగలదు.

చికాగోలో థాట్‌వర్క్స్ సంస్థలో పనిచేస్తూ జేసన్ హగిన్స్ 2004లో సెలీనియం అనే సాధనాన్ని రూపొందించారు. వెబ్‌డ్రైవర్ విధానం 2018లో అంతర్జాతీయ ప్రమాణమైంది. క్రోముకు ఒక డ్రైవరు, ఫైర్‌ఫాక్సుకు మరొకటి. క్రోముతోనే చిక్కంతా. అది తనంతట తానే కొత్త వెర్షనుకు మారిపోతుంది. డ్రైవరు మాత్రం పెట్టినచోటనే ఉండిపోతుంది. రెండింటి వెర్షన్లలో చుక్కకు ముందున్న మొదటి సంఖ్య కలియకపోతే ‘సెషన్ ఏర్పడలేదు’ అనే భావంతో ఆంగ్లంలో ఒక సందేశం వస్తుంది. నిన్నటివరకు నడచిన ప్రోగ్రాము నేడు నిలిచిపోగా, పాపం, విద్యార్థి తన తెలివినే శంకించుకొంటాడు.

2022 నవంబరులో వెలువడిన సెలీనియం 4.6 నుండి తగిన డ్రైవరును సాధనమే వెతికి తెచ్చుకొంటున్నది. ఇక చేతితో నేర్పడమెందుకని అడిగేవారున్నారు. వారితో మేము ఏకీభవించలేము. ఇంటర్నెట్టు తెగినా, ప్రయోగశాల కట్టుబాట్లు డౌన్‌లోడును అడ్డగించినా కొత్త డ్రైవరు రాదు. అన్నీ ముందే అమర్చి మీట మాత్రమే నొక్కమన్న విద్యార్థికి అప్పుడు దారి తోచదు. కావున ప్రతి విద్యార్థి ఒక్కసారైనా బ్రౌజరు వెర్షనును తానే చూచి, సరియైన డ్రైవరును తెచ్చి, జిప్పు ఫైలు విప్పి, ఆ ఫోల్డరును పాత్‌లో చేర్చి, కమాండు ప్రాంప్టులో దాని వెర్షనును అడిగి చూడవలె. గంట పట్టినా పట్టనీయండి.

ఇంకొక మాట. ప్రవేశ దరఖాస్తులో ఒక పేరును ఉర్దూలోను, తెలుగులోను డ్రైవరు చేత టైపు చేయించవచ్చు. అక్షరాలు పెట్టెలో చేరినవని అది చెప్పగలదు. తెలుగు ఒత్తు విడిపోయినదా, ఉర్దూ అక్షరాలు అతుకు తప్పినవా అనునది మాత్రం దానికి తెలియదు. తెరచిత్రం తీయించి, ఆ లిపులు చదువ వచ్చినవారు చూడవలసినదే. ఆ రెండు లిపులూ చదువగల పిల్లలు మన తరగతులలో ఉన్నారు. ఈ సంవత్సరం మన కళాశాల దరఖాస్తుతోనే వారు ఆ పరీక్ష మొదలుపెట్టవచ్చును.