శిక్షణ విమానాల మార్పిడి వ్యయం (భారత వాయుసేన)

శిక్షణ విమానాల మార్పిడి అనగా భారత వాయుసేనలో పాతబడిన హెచ్.పి.టి.-32 దీపక్, కిరణ్ విమానాల స్థానంలో కొత్తవాటిని ప్రవేశపెట్టేందుకు చేపట్టిన కార్యక్రమాలు. వాయుసేన అకాడమీ హైదరాబాదు సమీపంలోని దుండిగల్‌లో, యుద్ధవిమాన శిక్షణ విభాగం హకీంపేటలో ఉన్నందున ఈ నిర్ణయాల ఫలితాలు తెలుగునేలపై ప్రత్యక్షంగా కనిపించాయి. ప్రజాధనం వృథా అయిందన్న విమర్శకు ధర కంటే జాప్యమే ఎక్కువ కారణం.

ప్రాథమిక శిక్షణ

హిందూస్తాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ (హెచ్.ఏ.ఎల్.) తయారుచేసిన దీపక్‌లో పిస్టన్ ఇంజను ఉండేది. ఎజెక్షన్ సీటు లేదు. 2009 జూలైలో మెదక్ జిల్లాలో జరిగిన ప్రమాదంలో ఇద్దరు పైలట్లు మరణించగా ఈ విమానాలను పూర్తిగా నిలిపివేశారు. ప్రత్యామ్నాయం సిద్ధంగా లేనందున తొలి దశ శిక్షణకు సైతం కిరణ్ జెట్ విమానాలనే వాడవలసి వచ్చింది.

వాయుసేనకు 181 ప్రాథమిక శిక్షణ విమానాలు అవసరమని అంచనా. వీటిలో 75 పిలాటస్ పి.సి.-7 మార్క్-2 విమానాలకు 2012 మేలో స్విట్జర్లాండ్ సంస్థతో సుమారు 2,900 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. 2013లో దుండిగల్‌లో వాటిపై శిక్షణ మొదలైంది. మిగిలిన 106 విమానాలను స్వదేశంలో తయారుచేయాలన్నది ఆలోచన. అయితే హెచ్.ఏ.ఎల్. ప్రతిపాదించిన హెచ్.టి.టి.-40 ఖరీదు ఎక్కువని వాయుసేన తొలుత అభ్యంతరం చెప్పింది. ఆ సంస్థ సొంత నిధులతో పని సాగించగా 2016 మే 31న నమూనా విమానం ఎగిరింది. 70 విమానాలకు దాదాపు 6,800 కోట్ల రూపాయల ఒప్పందం 2023 మార్చిలో గాని కుదరలేదు. తొలి ఉత్పత్తి విమానం 2025 అక్టోబరులో ఎగిరింది.

మధ్యమ, ఉన్నత దశలు

కిరణ్‌కు బదులుగా సితార (హెచ్.జె.టి.-36) అభివృద్ధికి 1999లో అనుమతి లభించింది. 2003లోనే అది ఎగిరింది. తరువాత ఇంజను మార్చారు. గిరికీలు కొట్టే స్థితి నుండి తేరుకోవడంలో లోపాలు బయటపడ్డాయి. రూపు మార్చిన విమానం 2019లో మళ్ళీ ఎగిరింది. 2025లో దానికి యశస్ అని పేరు పెట్టారు. 1968లో సేవలోకి వచ్చిన కిరణ్‌ను 2020 దశకంలోనూ వాడవలసి రావడం ఈ జాప్యానికి ఫలితం.

ఉన్నత శ్రేణి జెట్ శిక్షణ విమానం అవసరమని లాఫాంటేన్ కమిటీ 1982లోనే సూచించింది. హాక్ ఒప్పందం 2004లో జరిగింది, విమానాలు 2008లో సేవలోకి వచ్చాయి. ఈ మధ్యకాలంలో యువ పైలట్లు నేరుగా మిగ్-21 వంటి వేగవంతమైన విమానాలకు మారవలసి వచ్చింది.

విశ్లేషణ

దిగుమతి ధర ఎక్కువ, స్వదేశీ తయారీ చౌక అన్న వాదన ఇక్కడ పూర్తిగా నిలవదు. పిలాటస్ కొనుగోలు శిక్షణను నిలబెట్టింది. అయితే ఆ కొనుగోలుతో పాటే స్వదేశీ విమానానికి స్థిరమైన ఆర్డరు ఇచ్చివుంటే రెండవ ఒప్పందం పదేళ్ళు ఆగేది కాదు. వృథా మూడు రూపాల్లో జరిగింది: పాత విమానాల నిర్వహణ భారం, ఒకే అవసరానికి రెండు రకాల విడిభాగాలు, మరమ్మతు ఏర్పాట్లు, ఫలితం చేతికందని అభివృద్ధి వ్యయం. ప్రమాదాల్లో పోయిన ప్రాణాలకు లెక్క కట్టలేము.

పశ్చిమ ప్రకాశంతో పోలిక

మార్కాపురం, గిద్దలూరు ప్రాంత పాఠకులకు ఈ తీరు కొత్త కాదు. 1996లో శంకుస్థాపన జరిగిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టులో, నల్లమల కింద 18.8 కిలోమీటర్ల మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండవది 2024లో పూర్తయ్యాయి. 43.5 టి.ఎం.సి.ల కృష్ణా జలాలతో 4.47 లక్షల ఎకరాలకు నీరందించాలన్నది లక్ష్యం. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేసేనాటికి నిర్వాసితుల పునరావాసం పూర్తికాలేదు. ఇదే ప్రాంతంలోని దొనకొండలో రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానక్షేత్రం నిరుపయోగంగా మిగిలింది.

రక్షణ వ్యయం కేంద్రానిది, సాగునీటి వ్యయం ప్రధానంగా రాష్ట్రానిది. కాబట్టి విమానాల సొమ్ముతో కాలువలు తవ్వవచ్చునన్న వాదన సరికాదు. అయితే రెండింటిలోనూ ఉన్న లోపం ఒకటే. పని ప్రారంభించిన రోజుకు ఉన్న ప్రాధాన్యం పూర్తిచేయవలసిన రోజుకు లేదు. జాప్యపు ఖర్చును ఒకచోట పైలట్లు, మరొకచోట ఫ్లోరైడు నీరు తాగే పల్లెలు, వలసపోయే కుటుంబాలు భరించాయి.

ఇవి కూడా చూడండి

దుండిగల్
వెలిగొండ ప్రాజెక్టు
దొనకొండ